సర్వర్ కొనాలా? పుంగనూరు ఆవును గుర్తుపెట్టుకోండి

గంగవరం అనగానే చాలామందికి విశాఖ పోర్టు గుర్తొస్తుంది. నేను చెప్పేది ఆ గంగవరం కాదు. పలమనేరు పక్కనుండే గంగవరం. ఒకవైపు పుంగనూరు, మదనపల్లె, ఇంకోవైపు కుప్పం. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి బెంగళూరులో ఉండొచ్చు. టమోటా, పాడి, పట్టు... వీటి మీద బతికే పల్లెలు. ఇప్పుడు ఈ పల్లెల్లో ఇంటికొక ఇంజినీరింగ్ స్టూడెంట్ ఉన్నాడంటే పెద్ద అతిశయోక్తి కాదు.

సెలవులకు పోయినప్పుడల్లా నన్ను వాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, చేతిలో 30 వేలుంది. ఇంట్లోనే చిన్న సర్వర్ పెట్టుకుని నేర్చుకోవాల. ఏం కొనమంటావు?"

ఆ 30 వేలు ఎక్కడి నుంచి వచ్చిందో అడగక్కర్లేదు. డెయిరీ నుంచి వచ్చిన పాల డబ్బో, టమోటాకు ధర పలికిన వారం నాయన పక్కన పెట్టిన సొమ్మో అయ్యుంటుంది. అది ఒక్కసారే వస్తుంది. పనికిరాని వస్తువు మీద పెడితే మళ్లీ అడగడానికి నోరు రాదు. అందుకే ఈ ప్రశ్నకు "ఐ7 కొనుక్కో, ర్యామ్ ఎక్కువ ఉండేలా చూసుకో" అని ఒక్క మాటలో జవాబు చెప్పేయలేం.

అసలు సొంత మెషిన్ ఎందుకు, క్లౌడ్ ఉంది కదా అంటారా? ఉంది. కానీ ఫ్రీ ఆఫర్ కావాలన్నా చాలా చోట్ల కార్డు అడుగుతారు. గడువు దాటాక ఆఫ్ చేయడం మరిచిన ఒక్క మెషీన్ చాలు, బిల్లు మోగిపోవడానికి. పైగా లైనక్స్, డాకర్, కుబెర్నెటీస్, నెట్‌వర్కింగ్ లాంటివి చెడగొట్టి బాగుచేస్తేనే వస్తాయి. గంటకు ఇంత అని మీటర్ తిరుగుతుంటే చెడగొట్టే ధైర్యం ఎవరికుంటుంది? ఇంట్లో మెషీన్‌ను రోజుకు పదిసార్లు ఫార్మాట్ కొట్టినా అడిగేవాళ్లు లేరు.

ముందు పనేంటో చెప్పండి

"సర్వర్ కావాలి" అంటే దుకాణం వాడికి అర్థమయ్యేది ఒకటి, మీకు కావాల్సింది ఇంకొకటి. నిజానికి ఈ మాట వెనక మూడు వేర్వేరు పనులుంటాయి.

ఒకటి, క్లస్టర్. నాలుగైదు మెషీన్లు కలిసి ఒక్కటిగా పనిచేయడం ఎలాగో నేర్చుకోవడానికి. దీనికి ఒక్కో మెషీన్ బలం కంటే మెషీన్ల సంఖ్య ముఖ్యం.

రెండు, ఇంటి సర్వర్. ఫొటోలు, ప్రాజెక్టులు, చిన్న వెబ్‌సైట్ పెట్టుకోవడానికి. దీనికి వేగం కంటే 24 గంటలూ నిలబడే గుణం, నమ్మకమైన డిస్క్ ముఖ్యం.

మూడు, ఏఐ మోడళ్లు నడపడానికి, వీడియో ఎడిటింగ్‌కు కస్టమ్ బిల్డ్. దీనికి మిగతావన్నీ ఒకెత్తు, గ్రాఫిక్స్ కార్డు ఒకెత్తు.

ఒక్క మెషీన్‌తో మూడూ చేద్దామనుకుంటే మూడింటికీ చాలని మెషీనే వస్తుంది.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ప్రొఫెసరై, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారి పేరు వినే ఉంటారు. వ్యక్తిగత కంప్యూటర్లు ఇంకా పసిపిల్లలుగా ఉన్న రోజుల్లోనే ఆయన, సహచరులు '3ఎం' అనే లెక్క పెట్టుకున్నారు. ఒక మెగాబైట్ మెమరీ, పది లక్షల చుక్కల తెర, సెకనుకు పది లక్షల ఆదేశాలు. ఏ కంపెనీ మెషీన్ అనేది తర్వాతి మాట, ముందు కావాల్సింది అంకెల్లో రాసుకున్నారు. 2004లో ఆయనే 'పీసీటీవీటీ' పేరుతో ఇంకో ఆలోచన ముందుకు తెచ్చారు. చదువు అంతగా రానివాళ్లు కూడా వాడగలిగేలా టీవీ, ఫోన్, వీడియో, కంప్యూటర్ కలిసిన 250 డాలర్ల యంత్రం అది. అక్కడా అదే వరస: ఎవరికి, ఏ పనికి, ఎంతలో?

మీరూ కాగితం మీద రాసుకోండి. ఎన్ని మెషీన్లు, ఒక్కోదానికి ఎంత ర్యామ్, ఎంత డిస్క్, రోజుకు ఎన్ని గంటలు ఆన్‌లో ఉండాలి. ఈ చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. డబ్బు పోయేది మాత్రం అక్కడే.

కొనేది ఒకసారి, మేపేది రోజూ

సర్వర్ అంటే రాత్రింబవళ్లు తిరిగేది. కాబట్టి దాని ధరలో కరెంటు బిల్లు కూడా కలిసే ఉంటుంది. లెక్క సులువు. ఒక వాట్ ఏడాదంతా వెలిగితే దాదాపు 9 యూనిట్లు. యూనిట్‌కు 6 రూపాయలు అనుకుందాం. అంటే వాట్‌కు ఏడాదికి 50 రూపాయల పైచిలుకు. మెషీన్ ఊరికే కూర్చున్నప్పుడు లాగే వాట్లను 50తో గుణించండి, ఏడాది బిల్లు సుమారుగా వచ్చేస్తుంది.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించే పాత ర్యాక్ సర్వర్‌ను చూడండి. రెండు ప్రాసెసర్లు, 64 జీబీ ర్యామ్, ధర చూస్తే నోరూరుతుంది. కానీ పని లేకుండా కూర్చున్నా 150 వాట్ల దాకా లాగే రకాలు వాటిలో చాలా ఉన్నాయి. ఏడాదికి 7,500 రూపాయలు. నాలుగేళ్లకు 30 వేలు! అంటే మీ దగ్గరున్న మొత్తమంతా కరెంటుకే. పైగా నెలకు 108 యూనిట్లు అదనంగా కాలితే ఇల్లంతా పై శ్లాబులోకి పోతుంది. అప్పుడు 6 రూపాయల లెక్క కూడా చాలదు. ఇక ఆ ఫ్యాన్ల మోత... దాన్ని అవ్వాతాతలు పడుకునే ఇంట్లో పెడితే మొదటి రాత్రే బయటికి తోసేస్తారు.

పాత టవర్ డెస్క్‌టాప్‌లు, వాటిలోని గ్రాఫిక్స్ కార్డును బట్టి, ఖాళీగా ఉన్నప్పుడు 40 నుంచి 60 వాట్లు తీసుకోవచ్చు. ఏడాదికి రెండు మూడు వేలు.

ఇంకో జాతి ఉంది. ఆఫీసు టేబుల్ మీద మానిటర్ వెనక తగిలించే చిన్న డబ్బా. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, లెనోవో థింక్‌సెంటర్ టైనీ. ఇవి ఖాళీగా ఉన్నప్పుడు 10 వాట్ల చుట్టుపక్కలే ఉంటాయి. ఏడాదికి 500 రూపాయలు. మూడు కలిపినా 1,500.

మన పుంగనూరు ఆవు ఇదే కదా. మూడడుగుల ఎత్తు కూడా ఉండదు, మేత తక్కువ, పాలు చిక్కన. పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఆ జాతిని కాపాడటానికి అంత శ్రమపడింది అందం కోసం మాత్రమే కాదు. ఎండను, కరువును తట్టుకుని చిన్న రైతు ఇంట్లో ఇమిడిపోయే గుణం దానిది. ఇంటి సర్వర్‌కు కూడా అదే గుణం కావాలి.

ఇప్పుడే ఎందుకు చవక?

బెంగళూరు ఆఫీసులు మూణ్నాలుగేళ్లకో, ఐదేళ్లకో కంప్యూటర్లు మార్చేస్తుంటాయి. మెషీన్ చెడిపోయి కాదు, లీజు అయిపోయి. దీనికి తోడు 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కు అధికారికంగా ఇంటెల్ 8వ తరం, ఆపైన ప్రాసెసర్ ఉండాలి. 6, 7 తరాల మెషీన్లు శుభ్రంగా పనిచేస్తున్నా చాలా ఆఫీసులకు పనికిరాకుండా పోయాయి.

మనకు కావాల్సింది విండోస్ కాదు, లైనక్స్. ఉబుంటు సర్వర్‌కో డెబియన్‌కో 6వ తరం ఐ5 హాయిగా సరిపోతుంది. ఐ5-6500టి అనే చిప్‌లో 4 కోర్లుంటాయి. చివరి 'టి' అక్షరాన్ని గుర్తుపెట్టుకోండి, అది తక్కువ కరెంటు రకం, 35 వాట్ల డిజైన్. డబ్బు సర్దుబాటైతే 8వ తరం ఐ5-8500టి తీసుకోండి, 6 కోర్లు వస్తాయి, విండోస్ 11 కూడా నడుస్తుంది. రేపు అమ్మాలన్నా దానికే గిరాకీ.

6వ తరం కంటే కిందికి మాత్రం దిగొద్దు. 4వ తరం మెషీన్లు ఇంకా చవగ్గా దొరుకుతాయి కానీ వాటిలో డీడీఆర్3 ర్యామ్. దాన్ని తర్వాతి మెషీన్‌కు మార్చుకోలేం.

ర్యామ్ అంటే ఇంకో మాట. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా మండాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను గంపగుత్తగా ఎత్తుకుపోతుంటే మామూలు కొనుగోలుదారుకు మిగిలేది తక్కువ. క్రూషియల్ పేరుతో వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ కంపెనీ ఆ డిసెంబరులోనే ప్రకటించింది. కాబట్టి "ఇప్పుడు 4 జీబీతో కొని తర్వాత పెంచుకుందాం" అనే పాత సలహా ఇప్పుడు చెల్లదు. ర్యామ్ లోపలే ఉన్న మెషీన్ చూసి కొనండి. వెయ్యి రూపాయలు ఎక్కువైనా 16 జీబీతో వచ్చేదే లాభం.

మరి రాస్ప్‌బెర్రీ పై? ముచ్చటైన బోర్డు, సెన్సర్లు, రోబోలకు అదే కరెక్టు. కానీ బోర్డు ధరకు అడాప్టర్, కేస్, ఫ్యాన్, స్టోరేజీ కలిపాక చూడండి, చాలాసార్లు పాత మినీ పీసీ దగ్గరికి వచ్చేస్తుంది. పైగా మెమరీ కార్డు మీద రాత్రింబవళ్లు రాస్తూపోతే అది తొందరగా అరిగిపోతుంది.

పళ్లు చూసి పట్టాలి

సంతలో ఆవును కొనేటప్పుడు మనవాళ్లు ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తారు. తర్వాత నాలుగడుగులు నడిపిస్తారు. సెకండ్ హ్యాండ్ మెషీన్‌కు కూడా అంతే.

మనకు దగ్గరి సంత బెంగళూరు ఎస్పీ రోడ్. పలమనేరు నుంచి ముళబాగిలు, కోలారు మీదుగా బస్సులున్నాయి, కుప్పం వాళ్లకు రైలే ఉంది. చెన్నై వైపు అలవాటున్నవాళ్లకు రిచీ స్ట్రీట్, హైదరాబాద్‌లో ఉంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ. ఆన్‌లైన్‌లో కొన్నా ఈ పరీక్షలు వర్తిస్తాయి, కాకపోతే రిటర్న్ గడువు లోపల చేయాలి.

"అన్నా, ఒకసారి ఆన్ చేసి బయోస్‌లోకి పో" అని అడగండి. పాస్‌వర్డ్ అడిగితే ఆ మెషీన్ వద్దు. ఆఫీసు వాళ్లు వేసిన తాళం అది, దాన్ని తీయించడం పెద్ద తలనొప్పి. "ఇంటికి పోయి తీసుకోవచ్చులే తమ్ముడూ" అంటే నవ్వి పక్క దుకాణానికి పొండి.

రెండోది, అడాప్టర్. అదే కంపెనీది, సరిపడా వాట్లది ఉండాలి. డెల్ మెషీన్లు తమ అడాప్టర్‌ను గుర్తుపడతాయి. గుర్తుపట్టకపోతే ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తాయి. మెషీన్ మంచిదే, కానీ నత్తలా నడుస్తుంది. కారణం ఎక్కడుందో తెలియక వారం పోతుంది.

మూడోది, డిస్క్. పెన్ డ్రైవ్‌లో లైవ్ లైనక్స్ తీసుకుపోయి స్మార్ట్ రిపోర్టు తెరవండి. ఏడాదంటే 8,760 గంటలు. హార్డ్ డిస్క్ 40 వేల గంటలు తిరిగిందంటే నాలుగున్నరేళ్లకు పైగా ఆగకుండా పనిచేసిందని అర్థం. గంటల కంటే ముఖ్యం, పాడైపోయి మార్చిన సెక్టార్ల సంఖ్య. అది సున్నా ఉండాలి. ఎస్ఎస్‌డీ అయితే ఎంత శాతం అరిగిందో చూడండి.

నాలుగోది, ర్యామ్. మెమ్‌టెస్ట్86+ ఒక రౌండ్ పూర్తిగా తిప్పండి. టీ తాగి వచ్చేలోపు కాదు, ఇంకా ఎక్కువ టైం పడుతుంది, అయినా సరే. ఒక్క ఎర్ర గీత కనిపించినా వద్దు.

చివరిది, బిల్లు. జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు, కనీసం కొన్ని నెలల వారంటీ. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తానంటే ఆ మెషీన్ ఎక్కడిదో మీకు తెలియదన్నమాట. దొంగ సొత్తు తలకు చుట్టుకుంటే సర్వర్ కాదు, స్టేషన్ చూడాల్సి వస్తుంది.

మూడే ఎందుకు?

క్లస్టర్ అనగానే రెండు కొందామా, నాలుగు కొందామా అని అడుగుతారు. మూడు. కారణం పంచాయితీ లాంటిది. కుబెర్నెటీస్ లాంటి వ్యవస్థల్లో ఏ నిర్ణయానికైనా సగం కంటే ఎక్కువ మెషీన్లు ఒప్పుకోవాలి. ఇద్దరే పెద్దమనుషులుంటే, ఒకరు రాకపోతే తీర్పు ఆగిపోతుంది. ముగ్గురుంటే ఒకరు రాకపోయినా ఇద్దరితో నడుస్తుంది. నలుగురున్నా ఒక్కరు పోవడాన్నే తట్టుకుంటుంది, కాబట్టి నాలుగోదానికి పెట్టిన డబ్బు ఆ విషయంలో వృథా. ఇద్దరు పోయినా నడవాలంటే ఐదు కావాలి. పూర్తి కుబెర్నెటీస్ బరువనిపిస్తే కే3ఎస్ అనే తేలిక రకం ఉంది, చిన్న మెషీన్లకు సరిగ్గా కుదురుతుంది.

వీటిని కలపడానికి ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ చాలు. వైఫైతో మాత్రం కలపొద్దు. కేబుల్ కొనేటప్పుడు పూర్తి రాగిదా అని అడగండి, అల్యూమినియం మీద రాగి పూత పూసిన చవక రకం చాలా తిరుగుతోంది. గిగాబిట్ అంటే సెకనుకు దాదాపు 125 మెగాబైట్లు. నేర్చుకోవడానికి ఇది బ్రహ్మాండం.

కాటా ఒక్కటే

ఇక్కడ ఒక భ్రమ తీసేయాలి. మూడు మెషీన్లు కలిపితే గేమ్ మూడింతలు వేగంగా ఆడదు. మామూలు ప్రోగ్రాం ఏదీ దానంతటదే మూడు ముక్కలై పరిగెత్తదు.

మదనపల్లె టమోటా మార్కెట్‌ను ఊహించుకోండి. క్రేట్లు దించడానికి పదిమందిని పెట్టొచ్చు, ఏరడానికి ఇరవైమందిని పెట్టొచ్చు. కానీ తూకం వేసే కాటా ఒక్కటే అయితే? లైను అక్కడ ఆగాల్సిందే. దీన్నే 1967లో జీన్ ఆమ్డాల్ అనే ఇంజినీర్ సూత్రంగా చెప్పాడు. పనిలో 10 శాతం విడగొట్టలేనిదైతే మూడు మెషీన్లతో వచ్చే వేగం మూడింతలు కాదు, రెండున్నర రెట్లే. వెయ్యి మెషీన్లు పెట్టినా పది రెట్లు దాటదు. ఇది కూడా నెట్‌వర్క్ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండానే.

అలాగని చిన్న మెషీన్ల క్లస్టర్‌ను తక్కువ చేయకండి. 1994లో నాసా గొడ్డార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనే ఇద్దరు 16 మామూలు 486 పీసీలను 10 మెగాబిట్ ఈథర్‌నెట్‌తో కలిపి, లైనక్స్ వేసి 'బేవుల్ఫ్' అన్నారు. ఈరోజు ప్రపంచంలోని పెద్ద సూపర్ కంప్యూటర్లు నడిచేది ఆ దారిలోనే, లైనక్స్ మీదే. ఆ తర్వాత కొన్నేళ్లకు ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో విలియం హార్‌గ్రోవ్, ఫారెస్ట్ హాఫ్‌మన్ కొత్త క్లస్టర్‌కు డబ్బు అడిగితే రాలేదు. ఆఫీసులు పారేసిన పాత పీసీలను ఏరుకొచ్చి కలిపారు. ఆ యంత్రంతోనే అమెరికా దేశాన్ని వాతావరణం, నేల స్వభావాల ప్రకారం విభజించే మ్యాపులు తయారుచేశారు. 1999లో గూగుల్ కూడా ఖర్చు తగ్గించుకోవడానికి బిళ్ల బెరడు లాంటి కార్క్ షీట్ల మీద చవక మదర్‌బోర్డులు పరిచి సర్వర్లు కట్టింది. అవి ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయి.

వాళ్లందరి కిటుకూ ఒకటే. మెషీన్ చెడిపోతుందని ముందే ఒప్పుకుని, చెడిపోయినా పని ఆగకుండా సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. మీరు ఇంటి క్లస్టర్‌లో నేర్చుకునేది కూడా అదే. ఒక మెషీన్ ప్లగ్ పీకేసి, మీ వెబ్‌సైట్ ఇంకా తెరుచుకుంటోందా చూడండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి అంతకంటే మంచి కథ ఉండదు.

ఏఐ కోసమైతే దారి వేరు

ఇంట్లోనే భాషా మోడల్ నడపాలనుకునేవాళ్లకు మినీ పీసీల క్లస్టర్ సరైన సమాధానం కాదు. అక్కడ అసలు పరిమితి మెమరీ వేగం. ఒక్కో మాట ముక్క పుట్టించడానికి మోడల్ మొత్తాన్నీ ఒకసారి చదవాలి. 4 జీబీ మోడల్ అనుకోండి. రెండు డీడీఆర్4-2400 ర్యామ్‌లున్న మెషీన్ సెకనుకు గరిష్ఠంగా 38 జీబీ చదవగలదు, అంటే సెకనుకు తొమ్మిది ముక్కలు దాటవు. అదే ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డు వేగం సెకనుకు 360 జీబీ. కాగితం మీద 90 ముక్కలు. రెండుచోట్లా నిజంగా వచ్చేది ఇంకాస్త తక్కువే, తేడా మాత్రం అంతే.

కాబట్టి ఈ పనికి ఒక్క టవర్, ఒక్క గ్రాఫిక్స్ కార్డు. కార్డు పేరు కంటే దాని మెమరీ ఎంతో చూడండి. జాగ్రత్త పడాల్సింది పవర్ సప్లై దగ్గర. ఆఫీసు టవర్లలో చాలావాటికి కంపెనీ సొంత కనెక్టర్లుంటాయి, బజారులో దొరికే మామూలు పవర్ సప్లై అందులో పట్టదు. 3060 ఒక్కటే 170 వాట్లు అడుగుతుంది. అందుకే గ్రాఫిక్స్ కార్డు పెట్టాలనుకుంటే మామూలు సైజు మదర్‌బోర్డు, పేరున్న పవర్ సప్లైతో అసెంబుల్ చేయించుకోవడమే మేలు. మొత్తం బిల్డ్‌లో పొదుపు చేయకూడనిది ఆ పవర్ సప్లైలోనే, అది కాలితే పక్కవాటిని కూడా తీసుకుపోతుంది.

డేటా దాచుకునే సర్వర్

ఫొటోలు, ఇంటి కాగితాలు దాచడానికైతే ఒక మినీ పీసీ, రెండు డిస్కులు. కానీ రెండు డిస్కుల్లో ఒకేసారి రాయడాన్ని బ్యాకప్ అనుకోవద్దు. పొరపాటున డిలీట్ కొడితే రెండింట్లోనూ పోతుంది. ముఖ్యమైనదానికి మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఇంటి బయట. బయట అంటే క్లౌడే కానక్కర్లేదు, మేనమామ ఇంట్లో పెట్టిన హార్డ్ డిస్క్ అయినా చాలు.

కరెంటు పోయే ఊళ్లో సర్వర్

పల్లెలో సర్వర్‌కు అసలు పరీక్ష ఇదే. బయోస్‌లో 'కరెంటు రాగానే ఆన్ కావాలి' అనే సెట్టింగ్ ఉంటుంది, మొదటి రోజే మార్చుకోండి. లేకపోతే మీరు కాలేజీలో ఉన్నప్పుడు కరెంటు పోయి వస్తే బటన్ నొక్కడానికి అమ్మకు ఫోన్ చేయాల్సిందే.

మూడు మినీలు, స్విచ్, రూటర్ కలిపి మామూలుగా 50 వాట్ల లోపే ఉంటాయి. 600 వీఏ చిన్న యూపీఎస్ కొత్త బ్యాటరీతో అరగంట దాకా ఆదుకుంటుంది. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఆర్నెల్లకోసారి మూత తీసి దుమ్ము దులపండి. పొయ్యి పొగ, పశువుల కొట్టం దుమ్ము తగిలే చోట పెట్టొద్దు.

ఇంకో సంగతి. ఇంటి ఇంటర్నెట్‌కు చాలాసార్లు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, వందలమంది ఒకే అడ్రస్ వెనక ఉంటారు. అందుకే బయటి నుంచి మీ సర్వర్ తెరుచుకోదు. టెయిల్‌స్కేల్ కానీ, క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ కానీ వాడితే హాస్టల్ నుంచి ఇంటి మెషీన్‌లోకి పోవచ్చు. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీ లాగిన్ పెట్టడం మరిచిపోవద్దు.

మరి ఆ 30 వేలు?

మూడూ ఒకేసారి కొనొద్దు. ముందు 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న ఒక్క మినీ పీసీ, ఒక యూపీఎస్ తీసుకోండి. ప్రాక్స్‌మాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి అందులోనే మూడు వర్చువల్ మెషీన్లు సృష్టించండి. క్లస్టర్ పాఠాల్లో చాలా భాగం ఆ ఒక్క డబ్బాలోనే అయిపోతుంది. సగం డబ్బు చేతిలో మిగులుతుంది.

రెండు నెలలు గడిచాక కూడా రోజూ దాని ముందు కూర్చుంటున్నారా? అప్పుడు మిగతా రెండు, స్విచ్, కేబుళ్లు కొనండి. కుదిరితే ముగ్గురు ఫ్రెండ్స్ తలా ఒకటి కొని, కాలేజీ రూములో కలిపేయండి, ఖర్చు మూడో వంతు, గొడవలు పడుతూ నేర్చుకునేది మూడింతలు. మనసు వేరే దారికి మళ్లిందా? ఆ ఒక్క మినీ పీసీకి మానిటర్ తగిలిస్తే ఇంట్లో చెల్లెలికి మంచి కంప్యూటర్. రూపాయి కూడా వృథా కాదు.

ధరలు నెలనెలా మారతాయి, మోడళ్లు ఏడాదికోసారి మారతాయి. కానీ పనేంటో ముందు రాసుకోవడం, వాట్లు లెక్కేయడం, పళ్లు చూసి పట్టడం మారవు. సంతకు పోయే రైతుకు ఇవి ఎవరూ నేర్పక్కర్లేదు. కంప్యూటర్ కొనడానికి బయల్దేరేటప్పుడు ఆ రైతును కూడా వెంట తీసుకుపోండి. స్పెసిఫికేషన్లు మీరు చదవండి, బేరం ఆయనకు వదిలేయండి.